ప్రతిక్షేపణ చర్యలు: శ్రీకాకుళం జిల్లా విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ రెండో సంవత్సరంలో హాలోఆల్కేన్ల పాఠం మొదలైన వారం రోజులకే టెక్కలి, పలాస, ఆమదాలవలస పిల్లలందరి నోటా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. డిగ్రీలో చేరినవాళ్లు కూడా మళ్లీ వీటి దగ్గరికే వస్తారు. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉంచాను. ఏ జవాబు చదువుతున్నా మనసులో ఒక్కటే అడుగుతూ ఉండండి: ఇక్కడ ఎలక్ట్రాన్లు ఎవరి దగ్గర ఉన్నాయి, ఎవరికి కావాలి? ఆ అలవాటు పడితే ఈ పాఠంలో బట్టీ పట్టాల్సింది చాలా తక్కువ.

ప్రతిక్షేపణ చర్య అంటే క్లుప్తంగా ఏమిటి?

అణువులోని ఒక పరమాణువు లేదా సమూహం వెళ్లిపోయి ఆ చోటులోకి ఇంకొకటి రావడం. బ్రోమోఈథేన్‌ను సజల సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేస్తే బ్రోమైడ్ పోయి హైడ్రాక్సిల్ చేరుతుంది, ఇథనాల్ వస్తుంది. బెంజీన్‌ను గాఢ నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో చర్య జరిపిస్తే హైడ్రోజన్ పోయి నైట్రో సమూహం చేరుతుంది. మొదటి చర్యలో కొత్తగా వచ్చినది తన ఎలక్ట్రాన్ జంటను వెంట తెచ్చుకుంది, అందుకే అది న్యూక్లియోఫిలిక్. రెండో చర్యలో వచ్చినదానికి ఎలక్ట్రాన్ల కొరత ఉంది, అందుకే అది ఎలక్ట్రోఫిలిక్.

ఆవేశం చూసి న్యూక్లియోఫైల్‌నో ఎలక్ట్రోఫైల్‌నో గుర్తుపట్టవచ్చా?

సగం సార్లు గుర్తుపట్టవచ్చు. మిగతా సగం సార్లు మోసపోతారు. అమోనియాకు ఆవేశం లేదు, అయినా నైట్రోజన్ మీద ఒంటరి జంట ఉంది కాబట్టి అది మంచి న్యూక్లియోఫైల్. బోరాన్ ట్రైఫ్లోరైడ్, అనార్ద్ర అల్యూమినియం క్లోరైడ్‌లకూ ఆవేశం లేదు, కానీ వాటి మధ్య పరమాణువుకు అష్టకం నిండలేదు. ఎవరైనా జంట ఇస్తే తీసుకోవడానికి అవి సిద్ధంగా ఉంటాయి, కాబట్టి ఎలక్ట్రోఫైల్స్. అమ్మోనియం అయాన్‌కు ధనావేశం ఉన్నా అది ఎలక్ట్రోఫైల్ కాదు. దాని నైట్రోజన్ చుట్టూ ఎనిమిది ఎలక్ట్రాన్లూ ఉన్నాయి, ఇంకో జంట కూర్చోవడానికి ఖాళీ ఆర్బిటాల్ లేదు. పరీక్షల్లో ఎక్కువ మంది పొరపడేది ఈ ఒక్క అయాన్ దగ్గరే.

చూడాల్సింది ఆవేశం కంటే ముందు ఇవ్వదగిన జంట, తీసుకోదగిన ఖాళీ. ఒంటరి జంటలే కాదు, పై బంధంలోని ఎలక్ట్రాన్లు కూడా ఇవ్వదగినవే. నైట్రేషన్‌లో బెంజీనే న్యూక్లియోఫైల్ పాత్ర వహిస్తుంది. ఈ రెండు పేర్లనూ 1933లో క్రిస్టఫర్ ఇంగోల్డ్ ప్రవేశపెట్టారు.

ప్రతి చర్యలో ఇద్దరూ ఉంటే, చర్యకు ఒకరి పేరే ఎందుకు పెడతారు?

ప్రధాన కర్బన అణువు మీదికి వచ్చే కారకం పేరు పెట్టడం ఆనవాయితీ. అంతకు మించి లోతు వెతకనవసరం లేదు.

ఎస్‌ఎన్‌1, ఎస్‌ఎన్‌2 లోని అంకెలు దశల సంఖ్యలా?

కావు. ఇవి న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ జరిగే రెండు దారుల పేర్లు. ఎస్‌ఎన్‌2 ఒకే దశలో జరుగుతుంది, ఎస్‌ఎన్‌1కు కనీసం రెండు దశలు కావాలి. అంకెలను దశలుగా చదివితే అంతా తలకిందులవుతుంది. చర్యా రేటును నిర్ణయించే నెమ్మదైన దశలో ఎన్ని అణువులు పాల్గొంటున్నాయో ఆ అంకె చెబుతుంది. ఎస్‌ఎన్‌2లో న్యూక్లియోఫైల్, హాలైడ్ రెండూ ఉంటాయి, కాబట్టి హైడ్రాక్సైడ్ గాఢతను రెట్టింపు చేస్తే రేటు రెట్టింపవుతుంది. ఎస్‌ఎన్‌1లో నెమ్మదైన దశ హాలైడ్ తనంతట తాను విడిపోయి కార్బోకాటయాన్‌గా (ధనావేశం ఉన్న కార్బన్ అయాన్‌గా) మారడమే. హైడ్రాక్సైడ్ ఎంత ఉన్నా ఆ దశకు సంబంధం లేదు. 1930 దశకంలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎడ్వర్డ్ హ్యూస్, ఇంగోల్డ్ కలిసి ఈ లెక్క తేల్చారు.

ఏ హాలైడ్ ఏ దారిలో వెళ్తుందో ఎలా చెప్పాలి?

ఎస్‌ఎన్‌2లో న్యూక్లియోఫైల్, వెళ్లిపోయే సమూహానికి సరిగ్గా వెనక వైపు నుంచి కార్బన్‌ను చేరాలి. ఆ వెనక దారిలో మిథైల్ సమూహాలు అడ్డుపడే కొద్దీ రేటు పడిపోతుంది. ఇథైల్ హాలైడ్ రేటును 1 అనుకుంటే మిథైల్ హాలైడ్‌ది సుమారు 30, ఐసోప్రొపైల్‌ది వందలో రెండు మూడు వంతులు మాత్రమే. హాలోజన్ ఉన్న కార్బన్‌కు ఒక కార్బన్ తగిలి ఉంటే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ అంటారు. టెర్షియరీ హాలైడ్‌లో ఈ దారి దాదాపు మూసుకుపోతుంది. నియోపెంటైల్ హాలైడ్ ప్రైమరీయే అయినా దాని రేటు ఇథైల్‌తో పోలిస్తే లక్షో వంతు స్థాయిలో ఉంటుంది. పక్క కార్బన్ మీదున్న మూడు మిథైల్ సమూహాలు వెనక వైపునంతా ఆక్రమిస్తాయి. ప్రైమరీ అని చూడగానే ఎస్‌ఎన్‌2 వేగంగా జరుగుతుందని రాసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఎస్‌ఎన్‌1లో వరుస తిరగబడుతుంది. అక్కడ కార్బోకాటయాన్ ఎంత స్థిరంగా ఉంటే అంత మంచిది, కాబట్టి టెర్షియరీ ముందుంటుంది. బెంజైల్, ఎలైల్ హాలైడ్లు రెండు దారుల్లోనూ వేగంగా వెళ్తాయి. వాటి ధనావేశం రెజొనెన్స్ వల్ల పంచుకోబడుతుంది, వెనక దారికి అడ్డూ ఉండదు.

ద్రావణి కూడా తీర్పు చెబుతుంది. నీరు, ఆల్కహాల్ లాంటివి విడిపోయిన అయాన్లను చుట్టుముట్టి స్థిరపరుస్తాయి, ఎస్‌ఎన్‌1కు అనుకూలం. కానీ అవే న్యూక్లియోఫైల్‌ను కూడా హైడ్రోజన్ బంధాలతో కట్టిపడేస్తాయి. బ్యుటైల్ బ్రోమైడ్ మీద ఎజైడ్ అయాన్ దాడిని మిథనాల్‌లో చేసినప్పటి రేటు 1 అయితే డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో సుమారు 1300, డైమిథైల్ ఫార్మమైడ్‌లో సుమారు 2800. పదార్థాలు అవే, సీసాలోని ద్రావణి మాత్రమే మారింది. ఈ అంకెలు చూసిన విద్యార్థి ద్రావణిని ఇక ఎప్పుడూ చిన్నచూపు చూడడు.

ఎస్‌ఎన్‌2లో కార్బన్ విన్యాసం, అంటే దాని చుట్టూ ఉన్న సమూహాల అమరిక, తలకిందులవుతుందని (విలోమం) చెబుతారు, ఎవరు చూశారు? అణువు కంటికి కనిపించదు కదా?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. 1896లో పాల్ వాల్డెన్ మాలిక్ ఆమ్లంతో పని చేస్తూ ధ్రువణ కాంతిని ఒక వైపు తిప్పే రూపాన్ని, క్లోరోసక్సినిక్ ఆమ్లం మీదుగా, రెండో వైపు తిప్పే రూపంగా మార్చగలిగారు. ఏదో ఒక దశలో అణువు తన అద్దపు ప్రతిబింబ అమరికలోకి మారిందని తెలిసింది. ఏ దశలో, ఎందుకు అన్నది దశాబ్దాల పాటు తేలలేదు.

1935లో హ్యూస్ బృందం వేసిన ఎత్తు చూడండి. ఒకే వైపు కాంతిని తిప్పే 2-అయొడోఆక్టేన్‌ను అసిటోన్‌లో తీసుకుని, దానికి రేడియోధార్మిక అయొడైడ్ కలిపారు. అయొడిన్ పోయి అయొడినే వస్తుంది, కాబట్టి రసాయనికంగా పదార్థం మారదు. కానీ రెండు విషయాలను కొలవవచ్చు: రేడియోధార్మికత అణువులోకి ఎంత వేగంగా చేరుతోంది, కాంతిని తిప్పే గుణం ఎంత వేగంగా తగ్గుతోంది. రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు వేగంతో జరిగింది.

ఎందుకు రెట్టింపు? వంద అణువులు ఉన్నాయనుకోండి. అందులో ఒక అణువులో అయొడిన్ మారి, అది తిరగబడింది. ఆ ఒక్కటి తన భ్రమణాన్ని కోల్పోవడమే కాదు, ఇంకా తిరగబడని మరో అణువు భ్రమణాన్ని కూడా రద్దు చేస్తుంది. అంటే ఒక మార్పిడికి రెండు అణువుల భ్రమణం పోతుంది. ప్రతి మార్పిడిలోనూ విలోమం జరిగితేనే ఈ రెట్టింపు వస్తుంది. మార్పిడుల్లో సగం విలోమంతో, సగం లేకుండా జరిగి ఉంటే రెండు రేట్లూ సమానంగా ఉండేవి. కంటికి కనిపించని కార్బన్ ఎటు తిరిగిందో రెండు గడియారాలు పెట్టి పట్టుకున్నారు. దీన్ని కాగితం మీద పది అణువులతో ఒకసారి లెక్కవేసి చూసుకోండి, జీవితంలో మరచిపోరు.

ఎస్‌ఎన్‌1లో మధ్యలో ఏర్పడే కార్బోకాటయాన్ సమతలంగా ఉంటుంది, రెండు వైపుల నుంచీ దాడి జరగవచ్చు, కాబట్టి రెండు అద్దపు రూపాలూ సమానంగా ఉన్న రెసిమిక్ మిశ్రమం వస్తుందని పుస్తకంలో రాస్తారు. నిజానికి వెళ్లిపోతున్న అయాన్ కాసేపు తన వైపు కమ్మి ఉంచుతుంది, అందువల్ల తరచుగా విలోమ రూపం కొంచెం ఎక్కువగా దొరుకుతుంది.

ఎస్‌ఎన్‌1ను కాలేజీ ప్రయోగశాలలో చూపించడం వీలవుతుందా?

సులభంగా. ఒక పరీక్షనాళికలో నీరు, అసిటోన్ కలిపి, రెండు చుక్కలు సజల సోడియం హైడ్రాక్సైడ్, ఒక చుక్క ఫినాఫ్తలీన్ వేయండి. గులాబీ రంగు వస్తుంది. ఇప్పుడు అసిటోన్‌లో కరిగించిన టెర్షియరీ బ్యుటైల్ క్లోరైడ్ కొద్దిగా పోసి కలిపి, స్టాండులో ఉంచి చూడండి. కాసేపు ఏమీ జరగనట్టు ఉంటుంది. తర్వాత రంగు పలచబడుతుంది, చివరి గులాబీ ఛాయ ఉన్నట్టుండి మాయమవుతుంది. విడిపోయిన ప్రతి హాలైడ్ అణువు ఒక హైడ్రోక్లోరిక్ ఆమ్ల అణువును వదిలింది, అది క్షారాన్ని తినేసింది.

అదే పని 1-క్లోరోబ్యుటేన్‌తో చేస్తే గంట మోగే వరకూ గులాబీ రంగు అలాగే ఉంటుంది. టెర్షియరీ క్లోరైడ్‌తోనే అసిటోన్ తగ్గించి నీరు పెంచితే రంగు ఇంకా త్వరగా పోతుంది. క్షారం రెట్టింపు వేస్తే రంగు పోవడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. క్షారం చర్యను వేగవంతం చేయలేదు, తినాల్సిన క్షారం మాత్రమే పెరిగింది. రేటు సమీకరణం మీద సందేహం ఉన్న పిల్లలకు గోడ గడియారం చూస్తూ ఇది చేయమని చెబుతాను. బల్ల మీద ఒక్కసారి చూస్తే నోట్సులో నాలుగు పేజీలు రాసిన దానికంటే బాగా అర్థమవుతుంది.

హైడ్రాక్సిల్ సమూహం ఎందుకు సులువుగా వెళ్లిపోదు?

వెళ్లిపోయే సమూహం ఎలక్ట్రాన్ జంటతో వెళ్తుంది, ఆ తర్వాత అది స్థిరంగా ఉండగలగాలి. బలమైన ఆమ్లం నుంచి వచ్చిన బలహీన క్షారం అయితే బాగా వెళ్తుంది: అయొడైడ్ అన్నింటికంటే ముందు, తర్వాత బ్రోమైడ్, క్లోరైడ్, చివర ఫ్లోరైడ్. హైడ్రాక్సైడ్ బలమైన క్షారం కాబట్టి కదలదు. ఆమ్లం కలిపి దాన్ని ప్రోటోనీకరిస్తే నీటి అణువుగా వెళ్లిపోతుంది. ఆల్కహాల్ ఏ రకమో గుర్తించే లూకాస్ పరీక్షలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, జింక్ క్లోరైడ్ వాడేది ఇందుకే. టెర్షియరీ ఆల్కహాల్ వెంటనే మసకబారుతుంది, సెకండరీకి సుమారు ఐదు నిమిషాలు, ప్రైమరీ గది ఉష్ణోగ్రత వద్ద మసకబారదు.

సజల పొటాషియం హైడ్రాక్సైడ్ అయితే ఆల్కహాల్, ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్ అయితే ఆల్కీన్ అంటారు. కారకం ఒకటే కదా?

కారకం ఒకటే, పని రెండు. అది కార్బన్ మీద దాడి చేస్తే ప్రతిక్షేపణ, పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ను లాగేస్తే విలోపనం. ఆల్కహాల్‌లో ఏర్పడే ఆల్కాక్సైడ్ ఇంకా బలమైన క్షారం, వేడి కూడా విలోపనాన్నే ప్రోత్సహిస్తుంది. టెర్షియరీ బ్యుటైల్ బ్రోమైడ్‌కు సోడియం ఇథాక్సైడ్ కలిపి ఈథర్ వస్తుందని రాస్తే మార్కులు పోతాయి, వచ్చేది ముఖ్యంగా ఐసోబ్యుటీన్. 1850లో విలియమ్సన్ చూపిన ఈథర్ తయారీలో పెద్ద సమూహాన్ని ఆల్కాక్సైడ్ వైపు, చిన్న సమూహాన్ని హాలైడ్ వైపు పెట్టుకోవాలి.

బెంజీన్‌లో మూడు ద్విబంధాలుంటే సంకలనం ఎందుకు జరగదు?

ఫారడే 1825లో బెంజీన్‌ను వేరు చేశారు, కెకులే 1865లో వలయ నిర్మాణం ప్రతిపాదించారు. ఆరు పై ఎలక్ట్రాన్లు వలయమంతా పరచుకోవడం వల్ల అణువుకు మోల్‌కు సుమారు 150 కిలోజౌళ్ల అదనపు స్థిరత్వం ఉంది. సంకలనం జరిగితే, అంటే ద్విబంధం తెరుచుకుని కొత్త పరమాణువులు చేరితే, అది పోతుంది. ప్రతిక్షేపణలో తాత్కాలికంగా పోయినా తిరిగి దక్కుతుంది.

నైట్రేషన్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం నైట్రిక్ ఆమ్లానికి ప్రోటాన్ ఇస్తుంది, అందులో నుంచి నీరు పోయి నైట్రోనియం అయాన్ మిగులుతుంది. నైట్రిక్ ఆమ్లం ఇక్కడ క్షారంగా ప్రవర్తించింది, ఈ వాక్యం చాలామందికి మింగుడుపడదు. నైట్రోనియం వలయాన్ని తాకగానే ధనావేశం ఉన్న మధ్యస్థ రూపం, సిగ్మా సంక్లిష్టం, ఏర్పడుతుంది, అది ప్రోటాన్‌ను వదిలి ఎరోమాటిక్ స్థితికి వస్తుంది. ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు, దాటితే రెండో నైట్రో సమూహం కూడా చేరడం మొదలవుతుంది.

ఆర్థో-పారా, మెటా సమూహాల జాబితా బట్టీ పట్టాల్సిందేనా?

అక్కర్లేదు. ముందే ఉన్న సమూహానికి పక్క స్థానం ఆర్థో, ఒకటి వదిలి ఉన్నది మెటా, ఎదురుగా ఉన్నది పారా. సిగ్మా సంక్లిష్టం గీసి, ధనావేశం ఏ కార్బన్ల మీదికి వస్తుందో చూడండి. ఆర్థో, పారా దాడుల్లో అది ముందే ఉన్న సమూహం పట్టుకున్న కార్బన్ మీదికి వస్తుంది. ఆ సమూహం ఎలక్ట్రాన్లు ఇచ్చేదైతే లాభం, లాగేదైతే నష్టం. టోలుయీన్ బెంజీన్ కంటే సుమారు 25 రెట్లు వేగంగా నైట్రేషన్ చెందుతుంది, మెటా ఉత్పన్నం 4 శాతం చుట్టూ మాత్రమే. నైట్రోబెంజీన్ కోటి రెట్లకు పైగా నెమ్మది, వచ్చేదాంట్లో 93 శాతం మెటా.

హాలోజన్లు ప్రేరక ప్రభావంతో వలయాన్ని మందగింపజేస్తాయి, ఒంటరి జంటతో ఆర్థో-పారా వైపు నడిపిస్తాయి. రేటు వేరు, దిశ వేరు అని గ్రహిస్తే ఇది మినహాయింపులా అనిపించదు.

అనిలీన్ ఆర్థో-పారా నిర్దేశకం కదా, నేరుగా నైట్రేషన్ చేస్తే 47 శాతం మెటా ఎలా వచ్చింది?

ఆమ్లంలో అది అనిలీనియంగా మారిపోతుంది, నైట్రోజన్ మీద ఒంటరి జంట ఇక లేదు. అందుకే ముందు ఎసిటైలీకరణం చేసి ఎసిటనిలైడ్‌గా కాపాడుకుని, నైట్రేషన్ తర్వాత జలవిశ్లేషణ చేస్తారు.

ఫ్రీడల్–క్రాఫ్ట్స్ చర్యలో ఎక్కడ జాగ్రత్తపడాలి?

అనార్ద్ర అల్యూమినియం క్లోరైడ్ సాయంతో బెంజీన్ వలయానికి ఆల్కైల్ సమూహాన్ని చేర్చే 1877 నాటి ఈ చర్యలో 1-క్లోరోప్రొపేన్ వాడితే ఎక్కువగా ఐసోప్రొపైల్ బెంజీన్ వస్తుంది, హైడ్రైడ్ పక్క కార్బన్ నుంచి జరిగి సెకండరీ కార్బోకాటయాన్‌గా మారుతుంది కాబట్టి. నైట్రోబెంజీన్‌తో, అనిలీన్‌తో ఈ చర్య జరగదు.

ఇవన్నీ మన జిల్లాలో ఎక్కడైనా కనిపిస్తాయా?

పలాస వెళ్లండి. జీడిపిక్కను పగలగొట్టేటప్పుడు పెంకులోని నూనె చేతులకు అంటితే చర్మం ఎందుకు పొక్కుతుందో అక్కడి కార్మికులకు బాగా తెలుసు. ఆ నూనెలో ప్రధానంగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం, అంటే పదిహేను కార్బన్ల గొలుసు తగిలించిన సాలిసిలిక్ ఆమ్లం. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ మిగులుతుంది. ఇది ఫినాలే, దాని మెటా స్థానంలో ఆ పొడవాటి గొలుసు ఉంటుంది.

ఇప్పుడు వలయానికి అంకెలు వేయండి: హైడ్రాక్సిల్ 1లో, గొలుసు 3లో. 4వ స్థానం హైడ్రాక్సిల్‌కు పారా, గొలుసుకు ఆర్థో. 6వది హైడ్రాక్సిల్‌కు ఆర్థో, గొలుసుకు పారా. రెండు సమూహాలూ ఒకే చోట్లకు దారి చూపుతున్నాయి. 2వ స్థానాన్నీ చూపుతాయి గాని, అది రెండింటి మధ్య ఇరుక్కుంది. ఆమ్ల సమక్షంలో ఫార్మాల్డిహైడ్ ఎలక్ట్రోఫైల్‌గా వచ్చి ఈ స్థానాల్లో వలయాలను ఒకదానితో ఒకటి కలుపుతుంది, రెజిన్ తయారవుతుంది. వాహనాల బ్రేకు లైనింగుల్లో ఇలాంటి రెజిన్లు వాడతారు. పప్పు తీసేశాక మిగిలిన పెంకులో ఇంత రసాయన శాస్త్రం ఉంది. మన పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పకుండా పాఠం ముగించడం నాకు నచ్చదు.

రెండో ఉదాహరణ పారాసెటమాల్. రణస్థలం మండలం పైడిభీమవరం మందుల కర్మాగారాల్లో ఉద్యోగం చేయాలనుకునే డిగ్రీ విద్యార్థులు దీన్ని తప్పక అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఒకే దారిలో రెండు రకాల ప్రతిక్షేపణలూ ఉన్నాయి. క్లోరోబెంజీన్‌ను నైట్రేషన్ చేస్తే పారా ఉత్పన్నం ఎక్కువగా వస్తుంది, ఇది ఎలక్ట్రోఫిలిక్. ఆ పారా నైట్రోక్లోరోబెంజీన్‌ను క్షారంతో వేడి చేస్తే క్లోరిన్ పోయి పారా నైట్రోఫినాల్ వస్తుంది, ఇది న్యూక్లియోఫిలిక్. క్షయకరణంతో పారా అమైనోఫినాల్. చివర ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో నైట్రోజన్ చర్య జరిపి పారాసెటమాల్ ఇస్తుంది. అణువులో ఆక్సిజన్ కూడా ఉన్నా నైట్రోజనే ముందు ఎందుకు దాడి చేసిందో మీరే చెప్పండి: తన జంటను వదులుకోవడానికి ఎవరు ఎక్కువ సిద్ధంగా ఉన్నారు?

మరి క్లోరోబెంజీన్‌లో క్లోరిన్ సులువుగా కదలదని పాఠంలో చెబుతారు కదా?

నైట్రో సమూహం లేనప్పుడు. క్లోరిన్ ఒంటరి జంట వలయంతో పంచుకోబడి కార్బన్–క్లోరిన్ బంధం బలపడుతుంది, వెనక నుంచి దాడికి వలయమే అడ్డు. దాన్ని ఫినాల్‌గా మార్చాలంటే 350 డిగ్రీలు, 300 అట్మాస్ఫియర్ల పీడనం కావాలి. పారా స్థానంలో ఒక నైట్రో ఉంటే 170 డిగ్రీలు చాలు, రెండు ఉంటే 95, మూడు ఉంటే గోరువెచ్చని నీరే పని చేస్తుంది. న్యూక్లియోఫైల్ ముందు వలయానికి చేరుతుంది, ఆ ఋణావేశాన్ని ఆర్థో, పారా నైట్రో సమూహాలు తమ ఆక్సిజన్ల మీదికి తీసుకుంటాయి, తర్వాతే క్లోరైడ్ వెళ్తుంది. మెటాలో ఉన్న నైట్రోకు ఆ ఆవేశం అందదు, కాబట్టి సాయం చాలా తక్కువ.

చర్యా సంవిధానం (చర్య దశలవారీగా ఎలా జరుగుతుందో) రాసేటప్పుడు మార్కులు ఎక్కడ పోతాయి?

బాణాల దగ్గర. వంపు బాణం ఎలక్ట్రాన్లు ఉన్న చోట మొదలై అవి చేరే చోట ఆగాలి. ప్రోటాన్ దగ్గర మొదలుపెట్టి ఆక్సిజన్ వైపు గీసిన బాణం తప్పు, ప్రోటాన్ దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లే లేవు. ప్రతి దశకూ రెండు పక్కలా మొత్తం ఆవేశం సమానంగా ఉందో లేదో చూసుకోండి.

ఈ ప్రయోగాలు ఇంట్లో చేసుకోవచ్చా?

నైట్రేషన్, బ్రోమినేషన్ ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నైట్రేషన్ వేడిని విడుదల చేస్తుంది, చల్లార్చడం ఆలస్యమైతే అదుపు తప్పుతుంది. బెంజీన్ క్యాన్సర్ కారకం, కాబట్టి కాలేజీల్లో కూడా దాని బదులు ఎసిటనిలైడ్ లాంటి వాటితో ప్రయోగం చేయించడం మేలు. ఫినాల్‌కు బ్రోమిన్ నీరు కలిపి 2,4,6-ట్రైబ్రోమోఫినాల్ తెల్లని అవక్షేపం చూడాలంటే ప్రయోగశాలలో, కళ్లద్దాలు, చేతి తొడుగులతో, గాలి బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కింద చూడండి. బ్రోమిన్ నీరు బల్ల మీద ఒలికితే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం పోస్తే రంగు పోతుంది, ఆ సీసా పక్కన సిద్ధంగా ఉందో లేదో చూసుకున్నాకే బ్రోమిన్ మూత తీయండి.